బోట్ ట్రైలర్ ఎడమ హబ్బు బాగా వేడెక్కుతోంది, గ్రీజు కొడితే సరిపోతుందా?

కేటీ కొత్తబోటు:

అందరికీ నమస్తే. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను. ఈ వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో 18 అడుగుల బే బోటు ఒకటి కొన్నాను, ట్రైలర్‌తో కలిపి. ట్రైలర్‌కి ఒకటే ఇరుసు, 3500 పౌండ్లదని ప్లేటు మీద ఉంది. బ్రేకులు లేవు. చక్రాల మధ్యలో బేరింగ్ బడ్డీలు (గ్రీజు పట్టి ఉంచే హబ్బు మూతలు) ఉన్నాయి, లోపల స్ప్రింగు, నీలం రింగు ఉన్న రకం. అప్పుడప్పుడు గ్రీజు కొడుతుంటే చాలు, ఇంకేం చూసుకోనక్కర్లేదు అని అమ్మినాయన చెప్పారు.

మొన్న శనివారం లేక్ కాన్రోకి వెళ్లాం. పొద్దున దారిలో అంతా బాగానే ఉంది. సాయంత్రం తిరిగొస్తూ గ్యాస్ కోసం ఆగినప్పుడు రెండు హబ్బుల మీదా, అంటే చక్రాల మధ్య భాగాల మీద, చెయ్యి పెట్టి చూశాను. కుడిది గోరువెచ్చగా ఉంది. ఎడమది ముట్టుకుని వెంటనే చెయ్యి తీసేశాను, అంత వేడి. అక్కణ్నుంచి నలభై మైళ్ల వేగం దాటకుండా సర్వీస్ రోడ్ల మీద ఇంటికి తెచ్చాను. పొద్దున చూస్తే ఎడమ రిమ్ము లోపలి వైపు, టైరు పక్కగోడ మీద గ్రీజు చిమ్మి ఉంది. తుడిచి చూస్తే అది నల్లగా లేదు, తెల్లగా పాల రంగులో ఉంది.

వచ్చే శనివారం మా బావమరిది వాళ్లు డాలస్ నుంచి వస్తున్నారు. టెక్సస్ సిటీ డైక్ దగ్గర బోటు దించి పిల్లలతో చేపలు పట్టిద్దామని ప్లాన్. దగ్గరలో ఉన్న షాపుకి ఫోన్ చేస్తే రెండు వారాల తర్వాత రమ్మన్నారు. గ్రీజు గన్‌తో బాగా కొట్టి వెళ్లొచ్చా? లేక విప్పాలా? విప్పాలంటే నేను చేసుకోగలనా? కారుకి ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వెయ్యడం వచ్చు, బేరింగులు మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. కాస్త టెన్షన్‌గా ఉంది.

లూయిస్‌విల్ లేక్:

బ్రదర్, నా ట్రైలర్‌కీ అవే బడ్డీలు. గ్రీజు తగ్గినట్టుంది. నీలం రింగు ముందుకొచ్చేదాకా గన్‌తో కొట్టి చూడండి. తర్వాత ఓ పది మైళ్లు తిప్పి, వేడి తగ్గితే శనివారం వెళ్లిపోవచ్చు. తీరిక దొరికినప్పుడు షాపుకి ఇవ్వండి.

రావులపాలెం షెడ్డు:

తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఆ చక్రం విప్పి చూడకుండా ట్రైలర్‌ని మళ్లీ రోడ్డెక్కించొద్దు. పది మైళ్లు కూడా వద్దు. లూయిస్‌విల్ గారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఈ కేసులో గ్రీజు కొట్టడం మందు కాదండి.

మా నాన్నగారికి రావులపాలెంలో హైవే పక్కన లారీ షెడ్డు ఉండేది. సెలవులొస్తే నా పని అక్కడ కిరసనాయిలు పళ్లెంలో బేరింగులు కడగడం. ఇక్కడ గాల్వెస్టన్ బే వైపు చాలా ఏళ్లుగా బోటు లాగుతున్నాను, మా ట్రైలర్ చక్రాలు ఇంకొకరి చేతికివ్వను. కాబట్టి నాకు తెలిసినంత వరకూ వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు చెప్పిన మూడు గుర్తులూ కలిపి చూడాలి. ఒక పక్క మాత్రమే వేడెక్కింది. అంటే బరువు వల్లో ఎండ వల్లో కాదు, ఆ హబ్బులోనే ఏదో ఉంది. రిమ్ము లోపలి వైపు గ్రీజు చిమ్మింది. అంటే హబ్బు వెనకాల గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు అంచు రింగు, ఆయిల్ సీల్, పోయింది. గ్రీజు తెల్లగా ఉంది. అంటే అందులో నీళ్లు కలిశాయి. మంచి గ్రీజు పాతబడితే నల్లబడుతుందే కానీ తెల్లబడదు.

నీళ్లు ఎలా పోతాయంటే, హైవే మీద అరవై మైళ్లు లాగాక హబ్బు వెచ్చగా ఉంటుంది, లోపలి గాలీ వేడెక్కి వ్యాకోచిస్తుంది. రాగానే బోటు దించే ర్యాంపు మీద వెనక్కి పోనిచ్చి చెరువులో ముంచేస్తాం. హబ్బు ఒక్కసారిగా చల్లబడి లోపలి గాలి ముడుచుకుంటుంది. వేడన్నం పెట్టి గట్టిగా మూత బిగించిన స్టీలు క్యారేజీ చల్లారాక మూత పట్టేసుకుంటుంది కదా, అదే బలం ఇక్కడ సీల్ అంచు దగ్గర నీళ్లని లోపలికి లాగుతుంది. కారు చక్రానికి ఈ బాధ లేదు, దాన్ని ఎవరూ వేడి మీద తీసుకెళ్లి నీళ్లలో ముంచరు. బోట్ ట్రైలర్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇదే.

బేరింగ్ బడ్డీ పెట్టింది అందుకే. స్ప్రింగుతో ఉన్న పిస్టన్ లోపలి గ్రీజుని కొద్దిగా నొక్కి ఉంచుతుంది, దాదాపు 3 పీఎస్‌ఐ. లోపల ఆ కాస్త ఒత్తిడి ఉంటే నీళ్లు లోపలికి పోవు. మంచి వస్తువే, నేనూ వాడతాను. కానీ అది వెనక సీల్ బాగున్నంత కాలమే పనిచేస్తుంది. సీల్ చిరిగితే ఆ స్ప్రింగు గ్రీజుని వెనక నుంచి బయటికి తోసేస్తుంది, అంతే.

ఇంకో సంగతి. బడ్డీలో గ్రీజు కొడితే అది ముందు వైపు నుంచి వెళ్తుంది. బయటి బేరింగుకి ముందు తగులుతుంది, తర్వాత మధ్యలో ఖాళీ నింపుతుంది. లోపలి బేరింగు దగ్గర చేరిన నీళ్ల గ్రీజు బయటికి వచ్చే దారే లేదు, అక్కడే ఉండిపోతుంది. ఇంకా గట్టిగా కొడితే ఉన్న సీల్ కూడా ఊడుతుంది. డెక్స్టర్ కంపెనీ ఇరుసుల్లో ఈజీ ల్యూబ్ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో స్పిండిల్ (హబ్బు తిరిగే ఇరుసు చివర) మధ్యలోని రంధ్రం గుండా గ్రీజు వెనక్కి వెళ్లి, లోపలి బేరింగు నుంచి పాత గ్రీజుని ముందుకు తోసుకుంటూ వస్తుంది. అది కూడా చక్రం తిప్పుతూ మెల్లగా కొడితేనే. మీది అది కాదు. పైగా రెండిటిలో ఏదున్నా విప్పి చూడటం మానేయొచ్చని కాదు. 12 నెలలకోసారి లేదా 12,000 మైళ్లకోసారి బేరింగులు విప్పి గ్రీజు పెట్టాలని డెక్స్టర్ మాన్యువల్లోనే ఉంది. అది రోడ్డు మీద తిరిగే ట్రైలర్ల లెక్క. నీళ్లలో మునిగేవాటికి, అందులోనూ ఉప్పునీళ్లలో మునిగేవాటికి, సీజన్ మొదలవకముందు ఒకసారి తప్పనిసరి.

బ్రేక్ ప్యాడ్లు వేసుకోగలిగితే ఇది చేసుకోగలరు. పని కష్టం కాదు, చేతులు పాడవుతాయి, శుభ్రత మీద పట్టింపు ఉండాలి. ట్రైలర్‌ని బండికి తగిలించే ఉంచండి, రెండో చక్రానికి ముందూ వెనకా దుంగలు పెట్టండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత ఫ్రేమ్ కింద జాకీ పెట్టి లేపండి. ఇరుసు గొట్టం మధ్యలో పెట్టొద్దు, వంగిపోతుంది. లేపాక కింద స్టాండు పెట్టాల్సిందే. జాకీని నమ్మి కింద చేతులు పెట్టకూడదు.

విప్పకముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి, ఎంత ఆట (వదులు కదలిక) ఉందో తెలుస్తుంది. తర్వాత తిప్పి చెవి పెట్టి వినండి. గరగరమంటే బేరింగు పోయినట్టే. ఆ తర్వాత చక్రం తీసి, బడ్డీని చెక్కముక్క అడ్డుపెట్టి పక్కల నుంచి కొద్దికొద్దిగా కొడుతూ ఊడదీయండి. స్ప్లిట్ పిన్ తీసి, పిన్ పట్టే గాడులున్న కాస్టల్ నట్ విప్పి, హబ్బు మెల్లగా లాగండి. బయటి బేరింగు కింద పడకుండా బొటనవేలు అడ్డం పెట్టుకోండి. లోపలిది సీల్ వెనకాల ఉంటుంది, సీల్ తీసేస్తే వస్తుంది. ఆ సీల్‌ని మళ్లీ వాడొద్దు, చూడ్డానికి బాగున్నా సరే.

బేరింగులు కిరసనాయిలులోనో మినరల్ స్పిరిట్స్‌లోనో కడిగి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఎయిర్ గన్ పెట్టి గిరగిరా తిప్పుతూ ఆరబెట్టడం సరదాగా ఉంటుంది కానీ అది చాలా ప్రమాదం. ఆ వేగానికి రోలర్లని పట్టి ఉంచే పంజరం విడిపోయి రోలర్లు ఎగిరి వచ్చి మొహానికి తగులుతాయి. మా షెడ్డులో ఎవరైనా అలా చేస్తే నాన్నగారు చేతిలోంచి గన్ లాక్కునేవారు.

కడిగాక మంచి వెలుతురులో రోలర్లు, కప్పులు (రోలర్లు దొర్లే, హబ్బులో బిగించిన వలయాలు) రెండూ చూడండి. ఫొటోలు పెట్టండి, చూసి చెప్తాను. కోన్ (రోలర్ల లోపలి వలయం) పక్క అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, అది కూడా రాసిపెట్టండి. 3500 పౌండ్ల ఇరుసు కాబట్టి లోపల ఎల్ 68149, బయట ఎల్ 44649 ఉండే అవకాశం ఎక్కువ. కానీ ఊహించి కొనొద్దు, ఉన్న నంబరు చూసే కొనండి.

టాంపా తీరం:

రావులపాలెం గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఫ్లోరిడాలో ఉంటాను, మాది ఎప్పుడూ ఉప్పునీళ్లే. మా ట్రైలర్ బేరింగులు నేనే చేస్తాను, మా వారు బోటు ఇంజిన్ చూసుకుంటారు.

ఒకటి కలుపుతాను. హబ్బు తీశాక అందరూ బేరింగుల వంకే చూస్తారు, స్పిండిల్ చూడరు. సీల్ అంచు కూర్చునే చోట స్పిండిల్ మీద వేలిగోరు పెట్టి లాగి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే ఎంత కొత్త సీల్ వేసినా ఆ గాడిలోంచి నీళ్లు పోతూనే ఉంటాయి. సన్నటి గీతలైతే ఎమెరీ గుడ్డతో నునుపు చేస్తే చాలు. లోతుగా ఉంటే స్పిండిల్ మీదకి తొడిగే స్టెయిన్‌లెస్ స్లీవులు దొరుకుతాయి, దానికి తగ్గ సైజు సీల్ వెయ్యాలి. సీల్ కూడా ఒక పెదవి ఉన్నది కాకుండా రెండు పెదవులున్నది తీసుకోండి.

ఇంటికి రాగానే మంచినీళ్లతో ట్రైలర్ మొత్తం కడగండి. స్ప్రింగులు, యూ బోల్టులు, రిమ్ము లోపల, అన్నీ. అయితే ప్రెషర్ వాషర్ ముక్కు తిన్నగా హబ్బు వెనక సీల్ మీదకి పెట్టొద్దు. చెరువు నీళ్లు చెయ్యలేని పని అది చేసేస్తుంది. మామూలు పైపు నీళ్లు చాలు.

లూయిస్‌విల్ లేక్:

సరే, గ్రీజు విషయంలో ఒప్పుకుంటున్నాను, లోపలి బేరింగు దాకా వెళ్లదన్నది నాకు కొత్త సంగతి. కానీ ఈయనకి టైం లేదు కదా. బేరింగులు, సీల్, గ్రీజు అన్నీ పెట్టేసి ఉన్న కొత్త హబ్బు మొత్తంగా అమ్ముతారు. పాతది తీసి అది పెట్టేస్తే గంటలో పని. కప్పులు కొట్టి దించడం, ఎక్కించడం ఇవేవీ ఉండవు.

రావులపాలెం షెడ్డు:

అది మంచి మాటే అండి, కాదనను. మొదటిసారి చేసేవాళ్లకి ఆ దారే సులువు. రెండు జాగ్రత్తలు. చక్రానికి ఎన్ని బోల్టులో, వాటి వలయం సైజు ఎంతో, స్పిండిల్ కొలతలు ఎంతో సరిచూసుకుని కొనాలి. అలాగే కొత్త హబ్బు పెట్టెలోంచి తీసి తిన్నగా తొడిగేయకుండా లోపలి గ్రీజు వేలితో చూడండి. కొన్నిటిలో రవాణాకి సరిపడా పూత మాత్రమే ఉంటుంది, నిండుగా ఉండదు. ఏ రకం గ్రీజు పెట్టారో తెలియకపోతే శుభ్రంగా తుడిచి మీ గ్రీజు పెట్టుకోవడం మేలు.

టైం గురించి అన్నారు కాబట్టి చెప్తున్నాను. శనివారం ట్రిప్పు పోతే ఇంకో శనివారం వస్తుంది. ఐ 45 హైవే మీద చక్రం ఊడితే అది మన ట్రైలర్‌తో ఆగదు, వెనకొచ్చే బండిలో ఎవరున్నారో మనకి తెలీదు. బేరింగు పూర్తిగా పట్టేస్తే స్పిండిల్ వేడికి మెత్తబడి విరుగుతుంది, హబ్బుతో సహా చక్రం వెళ్లిపోతుంది. షోల్డర్ మీద అలా మూడు కాళ్ల మీద కూర్చున్న ట్రైలర్లు వేసవిలో ఎన్నోసార్లు చూశాను.

కేటీ కొత్తబోటు:

రావులపాలెం గారూ, టాంపా గారూ, లూయిస్‌విల్ బ్రదర్, అందరికీ చాలా థాంక్స్. మంగళవారం రాత్రి గ్యారేజీలో విప్పాను. ఫొటోలు పెట్టాను, మాటల్లో కూడా రాస్తున్నాను.

చక్రం ఊపితే టకటకమని స్పష్టంగా ఆట తెలిసింది. తిప్పితే ఇసుక రుద్దిన చప్పుడు. సీల్ పెదవి ఒక పక్క చీలిపోయి ఉంది. లోపలి బేరింగు దగ్గర గ్రీజంతా తెల్లగా, మధ్యమధ్య గోధుమరంగు నీళ్లచుక్కలు. కడిగాక రోలర్ల మీద, కప్పులోనూ అడ్డంగా తుప్పు గీతలు కనిపించాయి, కప్పులోవి వరుసగా సమానదూరంలో. రెండు మూడు రోలర్లు నీలం రంగుకి తిరిగాయి. కప్పులో కూడా వేలికి తగిలే గుంటలు. బయటి బేరింగు కాస్త మసకబారింది కానీ గుంటలు లేవు. నంబర్లు మీరు చెప్పినవే, లోపల ఎల్ 68149, బయట ఎల్ 44649. స్పిండిల్ మామూలు రంగులోనే ఉంది. సీల్ కూర్చునే చోట గోరు కొద్దిగా తెలుస్తుంది కానీ తట్టుకోదు.

ఇప్పుడు సందేహాలు. బయటి బేరింగు బాగానే ఉంది కదా, ఉంచెయ్యనా? కుడి చక్రం వేడెక్కలేదు, దాన్ని కూడా విప్పాలా? గ్రీజు ఏది కొనాలి? షాపులో ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఉన్నాయి. నట్ ఎంత బిగించాలి? నాకు అన్నిటికంటే భయం ఆ బిగింపు గురించే.

రావులపాలెం షెడ్డు:

బాగా చూశారు తమ్ముడూ, ఫొటోలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఆ గీతలు ఎలా పడ్డాయో చెప్తాను. ట్రైలర్ వారాల తరబడి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు, రోలరు కప్పుని ఆనుకున్న గీత దగ్గర నీళ్లు నిలిచి తుప్పు తింటుంది. అందుకే రోలర్ల మధ్య ఎంత దూరమో కప్పులో గీతల మధ్య కూడా అంతే దూరం. అంటే ఈ నష్టం మొన్న శనివారం హైవే మీద జరిగింది కాదు, నీళ్లతో పార్క్ చేసి ఉన్న రోజుల్లో జరిగింది. లాగినప్పుడు ఆ గరుకు అరిగి వేడెక్కింది. నీలం రంగు ఇనుము కాలిన గుర్తు. అంత వేడి తగిలిన రోలరు గట్టిదనం పోగొట్టుకుంటుంది, దాన్ని ఎంత కడిగినా లాభం లేదు. స్పిండిల్ నీలం తిరగలేదు, అది మీ అదృష్టం. తిరిగి ఉంటే ఇరుసే మార్చమనేవాణ్ని.

బయటి బేరింగు కూడా మార్చేయండి. నీళ్లు ఒకే హబ్బులో తిరిగాయి, అది మసకబారిందంటే మొదలైందన్నమాట. బేరింగు మారిస్తే కప్పు కూడా మారాలి. పాత కప్పులో కొత్త రోలర్లు పెడితే ఆ గుంటలు కొత్తవాటిని తినేస్తాయి. కప్పుల నంబర్లు ఎల్ 68111, ఎల్ 44610 ఉంటాయి, పాతవాటి మీద చూసి సరిపోల్చండి.

కప్పు దించడానికి హబ్బు లోపల దాని వెనక అంచు తగిలేచోట ఇత్తడి కడ్డీ పెట్టి, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క, మార్చి మార్చి కొట్టండి. ఒకే పక్క కొడితే వంకరగా ఇరుక్కుంటుంది. కొత్త కప్పుని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టండి, కాస్త ముడుచుకుని సులువుగా దిగుతుంది. పాత కప్పుని దాని మీద బోర్లించి సుత్తితో కొడుతూ దించండి. దిగుతున్నంత సేపూ బోలుగా మోగుతుంది. అడుగు తగలగానే చప్పుడు మారిపోయి ఖణేల్‌మని గట్టిగా వస్తుంది. ఆ చప్పుడు వచ్చేదాకా ఆపొద్దు, వచ్చాక ఇంక కొట్టొద్దు. సగం దిగిన కప్పు తర్వాత రోడ్డు మీద కూర్చుంటుంది, అప్పుడు మీరు సరిచేసిన ఆట అంతా తప్పిపోతుంది.

గ్రీజు రంగుతో పనిలేదు, అది కలిపిన రంగు మాత్రమే. ఒక కంపెనీ ఎరుపు, ఇంకో కంపెనీ ఎరుపు ఒకటే రకం అనుకోవద్దు. డబ్బా మీద ఎన్‌ఎల్‌జీఐ 2 (గ్రీజు చిక్కదనం నంబరు) అని, వీల్ బేరింగులకి అని, మెరైన్ అని ఉండాలి. చిక్కదనం ఇచ్చే పదార్థం ఏంటో చూడండి. లిథియం కాంప్లెక్స్, కాల్షియం సల్ఫోనేట్ రెండూ పనికొస్తాయి, ఉప్పునీళ్లకి నా ఓటు కాల్షియం సల్ఫోనేట్‌కే. ఏదైనా ఒకటే పట్టుకుని అదే వాడండి. రకాలు కలిపితే కొన్ని జోడీలు, ముఖ్యంగా లిథియం, పాలియూరియా లాంటివి, నీళ్లలా పలచబడి కారిపోతాయి. హబ్బులో పాత గ్రీజు ఆనవాలు లేకుండా తుడిచేయమనేది అందుకే. అదే డబ్బా నుంచి గన్‌లో కూడా నింపుకోండి, లేకపోతే ఏడాది తర్వాత బడ్డీలో వేరే రకం కొట్టేస్తారు.

బేరింగుకి గ్రీజు పైపైన పూస్తే చాలదు. ఎడమ అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు వైపు అంచుతో ఆ ముద్దని అరచేతికి నొక్కుతూ లాగండి. ఇటు నొక్కితే అటు సన్నంచు వైపు రోలర్ల మధ్యలోంచి గ్రీజు బయటికి రావాలి. వచ్చాక కొద్దిగా తిప్పి మళ్లీ. చుట్టూ అయ్యేదాకా. మొదటి బేరింగు పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. సీల్‌ని స్ప్రింగు ఉన్న వైపు లోపలికి పెట్టి, పెదవికి గ్రీజు రాసి, చదునైన చెక్క అడ్డుపెట్టి అంచుకి సమంగా దించండి.

బిగింపు సంగతి. డెక్స్టర్ చెప్పే పద్ధతే నేను పాటిస్తాను. హబ్బు చేత్తో తిప్పుతూ నట్‌ని దాదాపు 50 ఫుట్ పౌండ్ల దాకా బిగించండి. ఇది బేరింగులు కూర్చోడానికి మాత్రమే. తర్వాత నట్ పూర్తిగా వదులు చేయండి, హబ్బు తిప్పకుండా. మళ్లీ వేళ్లతోనే ఆనేదాకా తిప్పండి, పానా పట్టుకోవద్దు. పిన్ రంధ్రం సరిపోకపోతే దగ్గరి గాడి వచ్చేదాకా వెనక్కే తిప్పాలి, ముందుకి కాదు. కొత్త స్ప్లిట్ పిన్ పెట్టి కాళ్లు విడదీయండి. నట్ పిన్ ఆపినంత మేరకి కొద్దిగా కదలాలి. కదులుతోందని కంగారుపడి బిగించారంటే, వేడికి లోహం సాగినప్పుడు బేరింగుకి చోటు ఉండదు, మళ్లీ మొదటికొస్తాం. చక్రం ఊపితే వెంట్రుకవాసి ఆట తెలియడం తప్పు కాదు.

కుడి చక్రం కూడా ఈ వారమే విప్పండి. రెండూ ఒకే బోటుతో అవే నీళ్లలో మునిగాయి. బేరింగులు బాగుంటే కడిగి గ్రీజు పెట్టి, కొత్త సీల్ వేసి మూసేయండి. రెండు పక్కలా ఏ రోజు చేశారో ఫ్రేమ్ మీద మార్కర్‌తో రాయండి.

బడ్డీ తిరిగి పెట్టాక గ్రీజు మెల్లగా కొడుతూ నీలం రింగు కొంచెం ముందుకి జరగగానే ఆపండి. రింగుని ఒక పక్క వేలితో నొక్కితే కదలాలి. కదిలితే చాలినంత ఉన్నట్టు. కదలకపోతే అప్పుడు గన్ తియ్యండి.

టాంపా తీరం:

ర్యాంపు దగ్గర చేసే పని కూడా చెప్పండి వాళ్లకి. మా ఇంట్లో అదొక పట్టుదల. రాగానే నీళ్లలోకి పోనివ్వం. పక్కన ఆపి, పట్టీలు విప్పడం, డ్రెయిన్ ప్లగ్ పెట్టడం, ఐస్ పెట్టె సర్దడం, పిల్లలకి లైఫ్ జాకెట్లు తొడగడం అంతా అక్కడే చేస్తాం. ఇరవై నిమిషాలు, అరగంట ఎలా గడిచిపోతాయో తెలీదు. హబ్బు మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి, అప్పుడే దించుతాం. డైక్ దగ్గర శనివారం పొద్దున రద్దీగా ఉంటుందేమో, వెనక వాళ్లు తొందరపెడితే వాళ్లనే ముందు వెళ్లనివ్వండి. ట్రైలర్ లైట్ల ప్లగ్ కూడా ముంచకముందే పీకేయండి.

కేటీ కొత్తబోటు:

రెండు పక్కలా అయిపోయింది. కుడి వైపు బేరింగులు శుభ్రంగా ఉన్నాయి, గ్రీజు నల్లగా ఉంది కానీ తెల్లదనం లేదు. సీల్ మార్చాను. ఎడమ కప్పు దిగినప్పుడు మీరన్న ఆ ఖణేల్ చప్పుడు విని మా ఆవిడ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. గురువారం సాయంత్రం బోటు పెట్టుకుని గ్రాండ్ పార్క్‌వే మీద కొంతదూరం వెళ్లొచ్చాను. రెండు హబ్బులూ గోరువెచ్చగా, ఒకేలా ఉన్నాయి. రిమ్ము లోపల పొడిగా ఉంది.

ఇంకో ప్రశ్న. దారిలో ఏమన్నా అయితే పనికొచ్చేలా ట్రక్కులో ఏమేం పెట్టుకోవాలి?

రావులపాలెం షెడ్డు:

శభాష్ తమ్ముడూ. చాలా సంతోషంగా ఉంది.

ఆ బేరింగులూ కప్పులూ ఎక్కించిన, మీ గ్రీజే పెట్టిన ఒక హబ్బు సిద్ధం చేసి, పెద్ద జిప్ కవర్‌లో మూసి పెట్టుకోండి. లూయిస్‌విల్ గారన్న రెడీమేడ్ హబ్బు ఇక్కడ బంగారంలా పనికొస్తుంది. దాంతో పాటు ఒక సీల్, నాలుగు స్ప్లిట్ పిన్లు, కాస్టల్ నట్ ఒకటి, బడ్డీ లేకపోయినా మామూలు డస్ట్ క్యాప్ ఒకటి. పెద్ద ప్లయర్లు, సుత్తి, చెక్కముక్క, చక్రం నట్లకి సరిపోయే పానా, పొడుగు కడ్డీ. ట్రైలర్‌ని లేపగలిగే జాకీ, ఎందుకంటే కారుతో వచ్చే జాకీ చాలాసార్లు ట్రైలర్ ఫ్రేమ్‌కి అందదు, ఇంటి దగ్గరే ఒకసారి పెట్టి చూసుకోండి. కాగితం తువ్వాళ్లు ఒక చుట్ట, చేతొడుగులు, ఎర్ర ట్రయాంగిల్. స్పేర్ టైరులో గాలి కూడా చూడండి, అందరూ మర్చిపోయేది అదే. మీ కారు రోడ్‌సైడ్ ప్లాన్‌లో ట్రైలర్‌కి సాయం వస్తుందో రాదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, చాలావాటిలో రాదు.

చక్రం నట్లు టార్క్ రెంచ్‌తోనే బిగించండి. అర అంగుళం బోల్టులకి మామూలుగా 90 నుంచి 120 ఫుట్ పౌండ్లు, మీ చక్రం తయారీదారు చెప్పింది చూసుకోండి. చక్రం తీసి పెట్టారు కాబట్టి 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ బిగింపు చూడాలి. కేటీ నుంచి డైక్‌కి వెళ్లే దారిలో ఆ మూడూ వచ్చేస్తాయి, ఆగిన ప్రతిసారీ హబ్బు మీద కూడా చెయ్యి పెట్టండి. ట్రైలర్ టైర్ల మీద ఎస్‌టీ (ట్రైలర్ కోసం చేసిన టైరు) అని ఉండి, వేగం హద్దు వేరే రాసి లేకపోతే గంటకి 65 మైళ్లే హద్దు, దాటించొద్దు. గాలి కూడా టైరు పక్కన రాసినంత నిండుగా, చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. గాలి తక్కువుంటే టైరు వేడి హబ్బు దాకా వచ్చి, బేరింగు పోయిందేమో అని అనవసరంగా భయపెడుతుంది.

లూయిస్‌విల్ లేక్:

ఈ థ్రెడ్ చదివాక నా ట్రైలర్ కూడా లేపాను. ఒక పక్క సీల్ చుట్టూ తడి కనిపిస్తోంది. కోన్ మీద ఎల్ 44649 రెండు వైపులా ఉంది, లోపలా బయటా ఒకటే సైజు. ఇది సరైనదేనా, ఎవరో తప్పు వేశారా?

రావులపాలెం షెడ్డు:

సరైనదే అండి. తక్కువ బరువు ఇరుసుల్లో చాలావాటికి స్పిండిల్ ముందూ వెనకా ఒకే లావు ఉంటుంది, రెండు చోట్లా అదే బేరింగు. సీల్ మాత్రం కేటీ తమ్ముడు కొన్న సైజు మీకు పట్టదు. పాత సీల్ మీద నంబరు చెరిగిపోయి ఉంటే కాలిపర్‌తో స్పిండిల్ మీద సీల్ కూర్చునే చోటా, హబ్బు వెనక రంధ్రమూ కొలిచి ఆ రెండు కొలతలు ఇక్కడ పెట్టండి, ఏది కొనాలో చెప్తాను.